హ్యాష్ టేబులు – ప్రామాణిక గ్రంథాలయ ప్రవేశం

తపాలా కార్యాలయంలో ఉత్తరాలను విడదీసే పనిని ఒక్కసారి చూచినవారు కూడ ఒక విషయాన్ని గమనించే ఉంటారు. గోడకు ఆనించిన చెక్కచట్రంలో వరుసగా అరలు ఉంటాయి. గుమాస్తా ఉత్తరాన్ని చేతికి తీసుకొని, చిరునామా చూచి, సూటిగా ఒక అరలో పడవేస్తాడు. ఈ ఉత్తరం అక్షరక్రమంలో ఆ ఉత్తరానికి ముందు వస్తుందా, వెనుక వస్తుందా అని అతడు పోల్చి చూడడు. ఏ అరలో వేయవలెనో చిరునామాయే చెబుతుంది. మరల దానిని తీయవలసి వచ్చినప్పుడు కూడ ఆ చిరునామాయే దారి చూపుతుంది.

కంప్యూటరు జ్ఞాపకంలో సమాచారాన్ని దాచి మరల వెదకి తీయడానికి ఈ సూత్రాన్నే వాడితే దానిని హ్యాష్ టేబులు అంటారు. ఈ పద్ధతి 1953 నాటికే తెలుసు. కాని ప్రపంచంలో విరివిగా వాడుకలో ఉన్న సి ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాషకు 1998లో మొదటి అంతర్జాతీయ ప్రమాణం వెలువడినప్పుడు అందులో హ్యాష్ టేబులు లేదు. అది చేరినది 2011లో. కళాశాలలో ఈ పాఠం చెప్పే సమయంలో విద్యార్థులు తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: అందరికీ తెలిసిన వస్తువును చేర్చడానికి ఒక పుష్కరంపైన మరొక సంవత్సరం ఎందుకు పట్టినది?

ప్రమాణాన్ని నిర్మించినవారికి ఆ పద్ధతి తెలియదనుకొంటే పొరపాటు. వారిలో కొందరు దానిలో ఉద్దండులు. ఆలస్యానికి కారణం వేరే ఉన్నది. ఆ కారణం తెలిస్తే, ప్రామాణిక గ్రంథాలయంలో ఒక కొత్త వస్తువును చేర్చడమంటే ఏమిటో కూడ తెలుస్తుంది.

దత్తాంశ నిర్మాణం అంటే ఏమిటి?

ప్రోగ్రాము ముందుకు వచ్చే పేర్లు, అంకెలు, తేదీలు మొదలైన వాటిని దత్తాంశాలు అంటారు. వాటిని జ్ఞాపకంలో ఏ తీరున అమర్చుతామో ఆ తీరును దత్తాంశ నిర్మాణం అంటారు. ఇంగ్లీషులో దీనినే డేటా స్ట్రక్చర్ అని వ్యవహరిస్తారు. అమరిక మారితే వెదకడానికి పట్టే కాలం మారుతుంది.

పది లక్షల పేర్లు గల ఒక జాబితాను ఊహించుకొందాం. అవి అడ్డదిడ్డంగా ఉంటే, కావలసిన పేరు కొరకు పది లక్షల పేర్లనూ తిరగవేయవలసి రావచ్చు. నిఘంటువులో వలె అక్షరక్రమంలో ఉంటే పని చాల తేలిక. నడిమి పేరును చూచి, మనకు కావలసినది దానికి ముందున్నదా, వెనుకనున్నదా అని నిర్ణయించుకొంటే సగం జాబితా తొలగిపోతుంది. మిగిలిన సగాన్ని మరల సగం చేస్తే, ఇరవై పోలికలలో పేరు దొరుకుతుంది. రెండును ఇరవైసార్లు హెచ్చవేస్తే పది లక్షలు దాటుతుంది గదా!

కాని అక్షరక్రమంలో ఉన్న జాబితా మధ్యలో కొత్త పేరును చొప్పించాలంటే దాని తరువాతి పేర్లన్నీ ఒక్కొక్క చోటు వెనుకకు జరగవలె. ఈ ఇబ్బందిని తప్పించడానికి వృక్షనిర్మాణాలు వచ్చినవి. ప్రతి పేరు వద్దనుండి ఎడమకొక కొమ్మ, కుడికొక కొమ్మ ఉంటాయి. చిన్నవి ఎడమకు, పెద్దవి కుడికి పోతాయి. చెట్టు ఒకవైపుకు ఒరిగిపోకుండా సరిచేసే ఉపాయాన్ని 1962లో సోవియట్ గణితవేత్తలు అడెల్సన్-వెల్‌స్కీ, లాండిస్ ప్రకటించినారు. 1972లో రుడాల్ఫ్ బాయర్ మరొక మార్గం చూపినారు. దానికే 1978లో గీబాస్, సెడ్జ్‌విక్ అనేవారు ఎరుపు, నలుపు రంగుల పరిభాష కల్పించినారు. అందుచేత ఆ చెట్టుకు ఎరుపు-నలుపు వృక్షమనే పేరు నిలిచినది.

హ్యాష్ పద్ధతిలో ఈ పోలికలు అక్కరలేదు. ఒక విద్యార్థి సంఖ్య 4512 అనుకొందాం. మనకు నూరు అరలు ఉన్నవి. సంఖ్యలోని చివరి రెండు అంకెలను తీసుకొని 12వ అరలో ఉంచుతాం. వెదకవలసినప్పుడు నేరుగా 12వ అరకే పోతాం. జాబితాలో వేయి పేర్లు ఉన్నా, పది లక్షలు ఉన్నా, దానికి తగినట్లు అరల సంఖ్యను పెంచితే చాలు. వెదకే కాలం సగటున మారదు.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. 7812 సంఖ్య గల విద్యార్థి కూడ 12వ అరకే వస్తాడు. దీనిని తాకిడి అందాం. తాకిడిని ఎదుర్కొనే మార్గాలు ముఖ్యంగా రెండు. ఒకటి: అరకు ఒక గొలుసు తగిలించి, అక్కడికి వచ్చిన వారినందరినీ ఆ గొలుసుకు గుచ్చడం. రెండవది: 12వ అర నిండి ఉంటే పక్కనున్న 13వ అరను, అదీ నిండితే 14వ అరను చూడడం. గొలుసు పద్ధతి, పక్క అర పద్ధతి అనే ఈ రెండు పేర్లను పాఠకులు గుర్తుంచుకోవలె. మన కథ అంతా చివరకు ఈ రెండింటి మధ్యనే తిరుగుతుంది.

హ్యాష్ పద్ధతి పుట్టుక

1953 జనవరిలో ఐబిఎమ్ సంస్థకు చెందిన హాన్స్ పీటర్ లూన్ వ్రాసిన ఒక ఆంతరంగిక పత్రంలో గొలుసు పద్ధతి కనిపిస్తుంది. ఆ మరుసటి సంవత్సరమే అదే సంస్థలో జీన్ ఆమ్డాల్, ఎలైన్ మెక్‌గ్రా, ఆర్థర్ శామ్యూల్, నథానియల్ రాచెస్టర్ అనేవారు ఐబిఎమ్ 701 యంత్రానికి ప్రోగ్రాము తయారుచేస్తూ పక్క అర పద్ధతిని వాడినారు. 1956లో ఆర్నాల్డ్ డ్యూమీ ఈ భావాన్ని ఒక పత్రికలో ప్రకటించినారు. 1957లో పీటర్సన్ అనే శాస్త్రజ్ఞుడు పక్క అర పద్ధతిని విపులంగా పరిశీలించినారు. అదే సంవత్సరం సోవియట్ దేశంలో ఆండ్రే ఎర్షోవ్ స్వతంత్రంగా ఆ మార్గాన్నే కనుగొన్నారు.

హ్యాష్ అనే ఇంగ్లీషు మాటకు ముక్కలుగా తరిగి కలగలపడం అని అర్థం. పేరులోని అక్షరాలను తరిగి, కలిపి, ఒక అర సంఖ్యను తయారుచేస్తాం కాబట్టి ఆ పేరు వచ్చినది. మొదట కేవలం వాడుకలో ఉన్న ఈ మాట, 1968లో రాబర్ట్ మారిస్ ప్రచురించిన సమీక్షావ్యాసం తరువాత శాస్త్ర పరిభాషలో స్థిరపడినది.

అంటే సి ప్లస్ ప్లస్ భాష పుట్టకముందే హ్యాష్ టేబులు పాత పాఠమై పోయినది.

స్టెపనోవ్ గ్రంథాలయం

బెల్ ప్రయోగశాలలో బ్యార్న్ స్ట్రౌస్ట్రుప్ 1979లో ప్రారంభించిన కృషికి 1983లో సి ప్లస్ ప్లస్ అనే పేరు వచ్చినది. 1985లో ఆ భాష విపణిలోనికి వచ్చినది. కాని జాబితా, వృక్షం, హ్యాష్ టేబులు వంటివి భాషతోపాటు రాలేదు. ఎవరికి కావలసినది వారు వ్రాసుకొనేవారు, లేదా ఏదో ఒక సంస్థ అమ్మే సంపుటాన్ని కొనేవారు. ఒక ఇంటి తలుపు మరొక ఇంటి గుమ్మానికి పట్టనట్లు, ఒకరి జాబితా మరొకరి ప్రోగ్రాములో ఇమిడేది కాదు.

ఈ అవస్థను తొలగించడానికే ప్రామాణిక గ్రంథాలయం కావలసి వచ్చినది. భాషను ఎవరు ఏ యంత్రం కొరకు తయారుచేసినా, దానితోపాటు తప్పక ఇవ్వవలసిన సిద్ధ ప్రోగ్రాముల సముదాయమే ప్రామాణిక గ్రంథాలయం. 1989 చివర అమెరికాలో ప్రమాణ సంఘం ఏర్పడినది. 1991 నుండి అది అంతర్జాతీయ సంఘంతో కలిసి పనిచేసినది.

ఈ దశలో అలెగ్జాండర్ స్టెపనోవ్ రంగంలోనికి వచ్చినారు. వీరు 1950లో మాస్కోలో జన్మించినారు. 1976లో పచ్చి చేప తిని విషాహారం వలన ఆసుపత్రి పాలైనప్పుడు, ఆ జ్వరపు కలవరంలోనే తనకు మూలభావం తోచినదని వారే ఒక సంభాషణలో చెప్పినారు. సంఖ్యలను ముక్కలుగా విభజించి ఒకేసారి కూడడం ఎందువలన సాధ్యమవుతున్నదని ఆలోచిస్తే, సంఖ్యలు ఏవైనా కావచ్చును, కూడికకు ఉన్న సాహచర్య గుణమే దానికి మూలమని తేలినది. పద్ధతి వస్తువుపై ఆధారపడదు, వస్తువుకు గల గుణాలపై ఆధారపడుతుంది అని దీని సారాంశం. అటుపిమ్మట వీరు అమెరికా చేరి, డేవిడ్ మస్సర్‌తోను, తరువాత హ్యూలెట్-పకార్డ్ ప్రయోగశాలలో మెంగ్ లీతోను కలిసి ఈ భావాన్ని ఒక గ్రంథాలయంగా మలచినారు.

ఇందులోని గణితం చాల సులభం. పది రకాల దత్తాంశ నిర్మాణాలు, అరవై రకాల పనులు ఉన్నవనుకొందాం. ఒక్కొక్క నిర్మాణానికి ఒక్కొక్క పనిని విడిగా వ్రాస్తే 600 ప్రోగ్రాములు కావలె. నిర్మాణానికీ, పనికీ మధ్య ఒక ఉమ్మడి ఒప్పందం ఏర్పరిస్తే పది, అరవై కలిపి 70 చాలు. ఆ ఒప్పందానికి వారు పెట్టిన పేరు ఇటరేటర్. జపమాలలో ఒక పూస నుండి తరువాతి పూసకు నడిచే వ్రేలు వంటిది అది. పూసలు గాజువా, తులసివా అనే విచారణ వ్రేలికి లేదు.

స్టెపనోవ్ మరొక కొత్త నియమం కూడ తెచ్చినారు. ఒక వస్తువు ఏ పని చేస్తుందో చెప్పడంతో సరిపోదు, ఎంత కాలంలో చేస్తుందో కూడ ప్రమాణంలోనే వ్రాసి ఉండవలె. క్రమంగా వెదకే మ్యాపు అనే వస్తువుకు, లక్షల పేర్లున్నా ఇరవై, ముప్ఫై అడుగులలో జవాబు తేవలెనని షరతు. ఆచరణలో దీనికి ఎరుపు-నలుపు వృక్షం వాడినారు.

1993 నవంబరులో శాన్ హోసే నగరంలో జరిగిన సమావేశంలో స్టెపనోవ్ ఈ గ్రంథాలయాన్ని సంఘం ముందు వివరించినారు. 1994 జూలైలో కెనడాలోని వాటర్లూలో సంఘం దానిని ఆమోదించినది. ఇంత పెద్ద చేర్పు తొమ్మిది నెలలలోపల అంగీకారం పొందడం సంఘాల చరిత్రలో అరుదు.

1995: మూసిన తలుపు

ఆ ఆమోదం పొందిన గ్రంథాలయంలో వృక్షంపై నడిచే వస్తువులు నాలుగు ఉన్నవి. హ్యాష్ టేబులు లేదు. ఆ లోటును పూరించడానికి జేవియర్ బరైరో, రాబర్ట్ ఫ్రేలీ, డేవిడ్ మస్సర్ ముగ్గురూ 1995లో ఒక ప్రతిపాదన తెచ్చినారు. ఈ మస్సర్ స్టెపనోవ్‌కు చిరకాల సహచరుడే. ప్రతిపాదనలో లోపమున్నదని సంఘం తిరస్కరించలేదు. సమయం మించిపోయినదని తిరస్కరించినది. ముసాయిదా సిద్ధమై ఓటుకు పోతున్న సంవత్సరమది. ఒక్క కొత్త వస్తువుకు తలుపు తీస్తే దాని వెనుక మరి పది నిలబడతాయి. రైలు కదలవలెనంటే ఏదో ఒక క్షణంలో తలుపులు మూయక తప్పదు. 1998లో ప్రమాణం వెలువడినది. హ్యాష్ టేబులు మాత్రం ప్లాట్‌ఫారం మీదనే మిగిలినది.

తొందరపడి చేర్చి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి ఆ 1998 ప్రమాణంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. వెక్టర్ అనే వరుస జాబితాలో అవును, కాదు అనే విలువలను మాత్రమే దాచే సందర్భానికి ఒక ప్రత్యేక ఏర్పాటు చేసినారు. ఒక్కొక్క విలువకు ఒక బైటు వృథా చేయకుండా, ఒకే బైటులో ఎనిమిది విలువలు కూర్చవలెనని సంకల్పం. జ్ఞాపకం ఆదా అయినది నిజమే. కాని బైటుకు చిరునామా ఉన్నట్లు బైటులోని ఎనిమిదవ వంతుకు చిరునామా లేదు. అందువలన ఇతర వెక్టర్లతో సక్రమంగా నడిచే ప్రోగ్రాములు దీనితో నడవవు. ఇది పొరపాటని నిపుణులు ఎన్నిసార్లు వ్రాసినా, అది నేటికీ అక్కడే ఉన్నది. దానిపై ఆధారపడిన ప్రోగ్రాములు లోకంలో ఉన్నంతకాలం దానిని పెరికివేయడం సులభం కాదు.

హ్యాష్ పద్ధతిలో కూడ జాగ్రత్తగా ఆలోచించవలసిన అంశం ఒకటి ఉన్నది. సగటున అది అతివేగం. కాని దురదృష్టవశాత్తు వస్తువులన్నీ ఒకే అరకు చేరితే, పది లక్షల పేర్లనూ ఒక్కొక్కటిగా చూడవలసి వస్తుంది. ఇది దురదృష్టం కొద్దీ మాత్రమే జరుగుతుందని చాలకాలం అనుకొన్నారు. 2003లో రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన స్కాట్ క్రాస్బీ, డాన్ వాలక్ అనేవారు, శత్రువు కోరి అటువంటి పేర్లనే ఏరి పంపి ఒక యంత్రాన్ని స్తంభింపజేయవచ్చునని నిరూపించినారు. వృక్షంలో ఈ భయం లేదు.

ఒకే పేరు, మూడు అర్థాలు

ప్రమాణంలో లేనంత మాత్రాన ప్రజలు వాడక మానరు గదా! సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ హ్యాష్ మ్యాపు అనే పేరుతో ఒకటి తయారుచేసినది. గ్నూ కంపైలరు వారు దానినే తీసుకొన్నారు. డింకమ్‌వేర్ సంస్థ అదే పేరుతో మరొకటి చేసినది. మైక్రోసాఫ్ట్ కంపైలరుతో వచ్చినది ఇదే. మెట్రోవర్క్స్ సంస్థ కూడ తనదొకటి చేసినది. మూడింటి పేరు ఒకటే, ఒప్పందాలు వేరు. మొదటిదానికి అర సంఖ్య లెక్కించే సూత్రాన్ని ఒకటిగా, రెండు పేర్లు సమానమా అని చెప్పే సూత్రాన్ని మరొకటిగా ఇవ్వవలె. రెండవదానికి అర సంఖ్యనూ, ఏది చిన్నది అనే పోలికనూ కలిపి ఒకే కట్టగా ఇవ్వవలె. ఒక కంపైలరులో సాఫీగా నడిచిన ప్రోగ్రాము మరొక కంపైలరులో మొదటి పంక్తికే ఆగిపోయేది. ఏ అవస్థను తప్పించడానికి ప్రామాణిక గ్రంథాలయం పుట్టినదో, ఆ అవస్థే హ్యాష్ టేబులు విషయంలో తిరిగి వచ్చినది.

అయినా ఈ కాలం వ్యర్థం కాలేదు. మూడు నమూనాలు లోకంలో నలిగినవి. ఏది సుఖంగా ఉన్నదో, ఏది ఇబ్బంది పెట్టినదో తెలిసినది. సిలికాన్ గ్రాఫిక్స్‌లో స్టెపనోవ్‌తో కలిసి పనిచేసిన మాట్ ఆస్టర్న్ ఈ అనుభవాన్ని క్రోడీకరించి ఒక ప్రతిపాదన వ్రాసినారు. పలుమార్లు దిద్దిన పిమ్మట 2003లో సంఘం దానిని ప్రయోగాత్మక చేర్పుల నివేదికలో చేర్చుకొన్నది. ఆ నివేదిక 2005 నాటికి సిద్ధమై, 2007లో ప్రచురితమైనది. పెండ్లికి ముందు నిశ్చితార్థం వంటిది ఈ నివేదిక. వస్తువును అందరూ వాడి చూడవచ్చు. తేడా కనిపిస్తే అసలు ప్రమాణంలో చేర్చే ముందు సరిదిద్దవచ్చు.

పేరు విషయంలో ఒక తమాషా జరిగినది. హ్యాష్ మ్యాపు అనే సహజమైన పేరును సంఘం పెట్టలేకపోయినది. ఆ పేరుతో అప్పటికే లక్షలాది పంక్తుల ప్రోగ్రాములు ఉన్నవి. అదే పేరుకు ప్రమాణం నాలుగవ అర్థం చెబితే పాతవాటిలో చాల భాగం చెడిపోతాయి. అందువలన అన్ఆర్డర్డ్ మ్యాపు, అనగా క్రమం లేని మ్యాపు, అని నామకరణం చేసినారు. పేరు పలకడానికి అంత ఇంపుగా లేదని చాలమంది అన్నారు. కాని ఇందులో ఒక నిజాయితీ కూడ ఉన్నది. లోపల ఏ యంత్రాంగం ఉన్నదో చెప్పక, వాడేవాడు ఏమి ఆశించకూడదో ఆ పేరు చెబుతున్నది. పేర్లు అక్షరక్రమంలో వస్తాయని ఎదురుచూడవద్దు అని దాని హెచ్చరిక.

2011లో వెలువడిన కొత్త ప్రమాణంలో ఈ వస్తువుకు శాశ్వతస్థానం లభించినది. కథ ఇక్కడ సుఖాంతమయ్యేదే. కాని ఇచ్చిన మాటలు ఉన్నవి.

ఇచ్చిన మాట

అన్ఆర్డర్డ్ మ్యాపు ప్రమాణంలో ఒక హామీ ఉన్నది. ఒక వస్తువును టేబులులో ఉంచిన తరువాత, దానిని మనమే తీసివేసేవరకు జ్ఞాపకంలో దాని చిరునామా మారదు. టేబులు నిండి అరల సంఖ్య పెంచినా సరే, మారదు. ఇది ఉపయోగకరమైన హామీ. ప్రోగ్రాములోని మరొక భాగం ఆ చిరునామాను ఒక మూల వ్రాసి పెట్టుకొని, తరువాత తిరిగి వెదకకుండా నేరుగా పోవచ్చు.

ఇప్పుడు ఆ రెండు పద్ధతులను గుర్తుచేసుకొందాం. పక్క అర పద్ధతిలో వస్తువులు అరలలోనే కాపురం ఉంటాయి. అరలు పెంచినప్పుడు అన్నీ కొత్త ఇంటికి మారవలసిందే. పాత చిరునామాలు చెల్లవు. గొలుసు పద్ధతిలో ప్రతి వస్తువు విడిగా తన చోట ఉంటుంది. అరలు పెంచినప్పుడు గొలుసు లింకులు మారతాయే గాని వస్తువు కదలదు. అంతేకాదు, ఫలానా అరలో ఎన్ని వస్తువులున్నవో అడిగే ప్రశ్నలకు కూడ ప్రమాణం చోటిచ్చినది. కనుక గొలుసు అనే మాట ప్రమాణంలో ఎక్కడా లేకపోయినా, ఇచ్చిన హామీలను నిలబెట్టుకోవాలంటే గొలుసు తప్ప వేరు గతి లేదు.

2003లో ఈ ఎంపిక తప్పు కాదు. అప్పటి మూడు నమూనాలూ గొలుసువే. కాని యంత్రాలు మారిపోయినవి. ప్రాసెసరు వేగం పెరిగినంతగా జ్ఞాపకాన్ని అందుకొనే వేగం పెరగలేదు. ఈ అంతరాన్ని పూడ్చడానికి ప్రాసెసరు పక్కనే క్యాష్ అనే చిన్న జ్ఞాపకం పెడతారు. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. క్యాష్‌లో ఉన్నది సుమారు ఒక నానోసెకనులో చేతికి వస్తుంది. లేనిదానికొరకు ప్రధాన జ్ఞాపకం వరకు పోతే సుమారు నూరు నానోసెకన్లు పట్టవచ్చు. ప్రాసెసరు ఒక బైటు అడిగినా, జ్ఞాపకం పక్కపక్కనున్న 64 బైట్లను ఒక మూటగా పంపడం నేటి యంత్రాలలో సాధారణం. పక్క అర పద్ధతిలో వెదుకులాట ఆ మూటలోనే ముగియవచ్చు. గొలుసులో ఒక్కొక్క లింకూ ఒక్కొక్క దూరప్రయాణం కావచ్చు.

2017లో గూగుల్ ఇంజనీర్లు స్విస్ టేబులు అనే కొత్త అమరికను ఒక సభలో వివరించినారు. 2018లో దానిని అందరికీ విడుదల చేసినారు. ఇది పక్క అర పద్ధతియే, కాని ఒక చమత్కారం ఉన్నది. ప్రతి అరకు ఒక బైటు చీటీ అంటిస్తారు. అర నిండి ఉంటే, హ్యాష్ సంఖ్యలోని ఏడు బిట్లు ఆ చీటీపై ఉంటాయి. ప్రాసెసరులోని ప్రత్యేక ఆదేశంతో పదహారు చీటీలను ఒక్కసారిగా పోలుస్తారు. చీటీ కుదిరిన అరలను మాత్రమే తెరచి చూస్తారు. తపాలా గుమాస్తా ఒకే చూపుతో పదహారు అరల పైచీటీలు చదవగలిగినట్లు అన్నమాట.

మరి దీనిని అన్ఆర్డర్డ్ మ్యాపు లోపల అమర్చవచ్చు గదా అంటే, వీలు లేదు. చిరునామాలు మారతాయి. హామీ చెడిపోతుంది. హామీని నమ్మి వ్రాసిన ప్రోగ్రాములలో ఏది ఎప్పుడు ఎలా తప్పుతుందో కనిపెట్టడం దుర్ఘటం. బ్యాంకులోనో, టెలిఫోన్ కేంద్రంలోనో, ఆసుపత్రి పరికరంలోనో అది నడుస్తూ ఉండవచ్చు. పదమూడు సంవత్సరాలు వేచి, ఎంతో విచారించి చేర్చిన వస్తువు, చేర్చిన ఆరు సంవత్సరాలకే వెనుకబడిపోయినది. దానిని బాగుచేయడానికి అడ్డు నిలిచినది దాని లోపం కాదు, అది నమ్మకంగా ఇచ్చిన మాట.

మాట తక్కువగా ఇచ్చినవారు

ఇతర భాషలలో ఏమి జరిగినదో చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. రస్ట్ అనే భాషకు మొదటి స్థిరరూపం 2015లో వచ్చినది. దాని గ్రంథాలయంలో కూడ హ్యాష్ మ్యాపు ఉన్నది. 2019 జూలైలో వెలువడిన 1.36 సంచికలో దాని లోపలి యంత్రాంగాన్ని పూర్తిగా తీసివేసి, స్విస్ టేబులు నమూనాను అమర్చినారు. వాడుకరులు తమ ప్రోగ్రాములలో మార్పు చేయవలసిన అవసరం రాలేదు. కారణం, టేబులులోని వస్తువు చిరునామాను ఎవరైనా పట్టుకొని ఉండగా ఆ టేబులులో కొత్త వస్తువు చేర్చడాన్ని రస్ట్ కంపైలరే ఒప్పుకోదు. కాబట్టి చిరునామా మారదనే హామీ ఇవ్వవలసిన పనే దానికి లేదు.

గో భాషవారు మరొక జాగ్రత్త తీసుకొన్నారు. మ్యాపులోని వస్తువు చిరునామాను అడగడమే ఆ భాషలో నిషేధం. అంతేకాక, మ్యాపులోని వస్తువులు ఏ వరుసలో బయటికి వస్తాయో ఆ వరుసను 2012 నుండి కావాలనే ప్రతిసారీ మారుస్తారు. మొదట వింటే ఇది పిచ్చిపనిగా తోస్తుంది. కాని మనుష్య స్వభావం తెలిసినవారు చేసిన పని ఇది. ఈ రోజు ఒక వరుసలో వచ్చినది రేపు కూడ అదే వరుసలో వస్తే, ఎల్లుండికి అది ఆచారమవుతుంది. ఎవరూ వ్రాతపూర్వకంగా హామీ ఇవ్వకపోయినా ప్రోగ్రాములు దానిపై ఆధారపడతాయి. ఆ ఆచారం ఏర్పడకుండా వారు మొదటినుండి జాగ్రత్త పడినారు. ఫలితంగా 2025 ఫిబ్రవరిలో వెలువడిన 1.24 సంచికలో గో మ్యాపు కూడ స్విస్ టేబులు నమూనాకు మారగలిగినది.

అయితే సి ప్లస్ ప్లస్ సంఘం తెలివితక్కువగా ప్రవర్తించినదని తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఆ హామీ వలన లాభం పొందిన ప్రోగ్రాములు ఎన్నో ఉన్నవి. రస్ట్, గో రెండూ తరువాత వచ్చిన భాషలు. ముందు నడిచినవారి కాలిజాడలు చూచి నడిచే వీలు వాటికి కలిగినది.

కొత్త పేరు, కొత్త మాట

సి ప్లస్ ప్లస్ సంఘం కూడ ఈ అనుభవాన్ని వృథా చేయలేదు. 2023 ప్రమాణంలో ఫ్లాట్ మ్యాపు అనే కొత్త వస్తువు చేరినది. ఇది హ్యాష్ టేబులు కాదు. వృక్షానికి బదులుగా, పేర్లను అక్షరక్రమంలో ఒకే వరుస జాబితాగా దాస్తుంది. మధ్యలో చొప్పించడం కష్టమని మొదట చెప్పుకొన్న అమరికయే ఇది. అంతగా కొత్త చేర్పులు లేక, వెదకడమే ఎక్కువగా ఉన్నచోట, వస్తువులు పక్కపక్కనే ఉండడం నేటి క్యాష్‌కు అనుకూలం. అరవై సంవత్సరాలనాడు వెనుకకు నెట్టిన అమరికను యంత్రాల మార్పు మరల ముందుకు తెచ్చినది.

దీనిని చేర్చిన తీరు గమనింపదగినది. పాత మ్యాపు లోపలి చెట్టును ముట్టుకోలేదు. పక్కన కొత్త పేరుతో కొత్త వస్తువును నిలబెట్టినారు. కొత్త చేర్పు జరిగినప్పుడు పాత చిరునామాలు చెల్లవని ప్రమాణంలోనే స్పష్టంగా వ్రాసినారు. అంతకుముందే బూస్ట్ అనే స్వచ్ఛంద గ్రంథాలయంలో ఈ వస్తువు 2011 నుండి అందుబాటులో ఉండి, ఒక పుష్కరకాలం వాడుకలో నలిగినది. పక్క అర పద్ధతిలో నడిచే హ్యాష్ మ్యాపు కూడ 2022 డిసెంబరులో అదే బూస్ట్‌లో చేరినది.

మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. హ్యాష్ టేబులును కనుగొనడానికి ఒక చురుకైన బుద్ధి చాలినది. దానిని వ్రాయడానికి మంచి విద్యార్థికి ఒక సాయంకాలం చాలును. కాని ప్రామాణిక గ్రంథాలయంలో చేర్చడమంటే, ముఖం ఎరుగని లక్షలాది ప్రోగ్రామర్లకు రానున్న దశాబ్దాల వరకు మాట ఇవ్వడం. ఏ మాట ఇవ్వవలెనో తేల్చుకోవడానికే ఆ పదమూడు సంవత్సరాలు పట్టినవి. అయినా ఒక మాట ఎక్కువే ఇచ్చినారని తరువాత తేలినది.

ఇప్పుడు మన కళాశాలలలో చదివే యువకులు, యువతులు రేపు ఇటువంటి గ్రంథాలయాలు వ్రాయబోయేవారు. ఇతరులు వాడే ప్రోగ్రామును చిన్నదైనా సరే వ్రాసేటప్పుడు, అది ఏమి చేయగలదో చెప్పే పంక్తి పక్కనే, దేనిని ఆశించకూడదో చెప్పే పంక్తిని కూడ వ్రాసి ఉంచితే, వారి తరువాత వచ్చేవారు దానిని బాగుచేయడానికి చోటు మిగులుతుంది.